కొండయాత్రా సందేశమునకు టీకా తాత్పర్యములు

మూలము: «అన్నా, శనివారం పొద్దున్నే కొండకు పోదాం. స్వెట్టర్ తెచ్చుకో. సద్ది వదిన కడ్తాది. ఆదివారం మాపటికి వచ్చేద్దాం.»

అవతారిక: గాండ్లపెంట వాస్తవ్యుడైన ఒక తమ్ముడు ఎండలకు వేగి, వారాంతపు విశ్రాంతిని కోరి, కదిరియందు కాపురమున్న తన యన్నకు వాట్సాపు ద్వారమున పంపిన యీ వాక్యచతుష్టయము చూచుటకు మిక్కిలి తేలికగా కన్పట్టినను, మహాకావ్యములకు వ్యాఖ్యలు వ్రాసిన మల్లినాథసూరి పుట్టిన తెలుగుగడ్డయందు ఇట్టి గ్రంథము సమగ్రమైన టీక లేక పడియుండుట తగదని తలంచి, యథాశక్తి వివరింపబూనుచున్నాను.

అన్నా: సంబోధనము. దీనిచేతనే పెట్రోలు ఖర్చు ఎవరిదో ధ్వనించుచున్నది. నోరార అన్నా యని పిలిచినవానిని డబ్బులడుగుట మా సీమలో లేదు.

శనివారం పొద్దున్నే: శనివారమున రాహుకాలము 9 గంటలకు ప్రవేశించును గావున అంతకుముందే యని భావము. బండి కడుగుటకే ఆ వేళ యగునని అనుభవజ్ఞులు.

కొండకు: ఏ కొండకు? గాండ్లపెంట చుట్టును గుట్టలే కదా యని శంక. సందేహము కలిగినచోట వాక్యశేషమును చూడవలెనని మీమాంసకుల మర్యాద. తరువాతి వాక్యమున స్వెట్టరు కలదు. మా గుట్టలపై స్వెట్టరు తొడిగినవానిని ఆసుపత్రికి గొనిపోవుదురు. కావున తనకల్లు, ములకలచెరువు, బి. కొత్తకోటల మీదుగా చేరదగిన హార్స్‌లీ కొండయే యిచ్చట వివక్షితము. దీని పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల సాకుడులో పెరిగిన మల్లమ్మ యను తల్లి కొండవాసులకు రోగములు బాపి, యొకనాడు కనబడకపోయెనని ఐతిహ్యము. ఆమె గుడి నేటికిని కలదు. 19వ శతాబ్దియందు కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర, వేసవి తాళలేక, 4,000 అడుగులకు పైబడిన యీ శిఖరమున బంగళా కట్టించుకొనగా, తల్లిపేరు వెనుకబడి దొరపేరు ముందునకు వచ్చెను. మావారు గుర్తింపదగిన విశేషమొకటి యిందు కలదు. 1910లో అనంతపురము జిల్లాయందు కలియువఱకు కదిరి తాలూకాయును కడప జిల్లాలోనిదే. అనగా ఆ దొరగారి కచేరి మాకును కచేరియే. మా మెట్టచేల శిస్తు కట్టించుకొన్న సర్కారు, మా యెండను మాత్రము మాకే విడిచి కొండయెక్కినదన్న మాట. ఆ చల్లదనములో మా వంతును ఇన్నాళ్లకు వసూలు చేసికొన బోవుచున్నామని తమ్ముని హృదయమైనచో, నేను కాదనను.

పోదాం: విధి. అయితే పోవుటవలన ఫలమేమో మూలమున ఎక్కడను చెప్పలేదు. చూడదగినవి ఇవి యనికాని, మనశ్శాంతి యనికాని ఒక్క మాటయు లేదు. ఇట్టి చిక్కు వచ్చినప్పుడు శాస్త్రమున విశ్వజిన్న్యాయము కలదు: ఫలము చెప్పని విధికి స్వర్గమే ఫలమని గ్రహింపవలెను. చైత్రవైశాఖములలో గాండ్లపెంట బస్సుస్టాండున నిలిచినవానికి, ఆ కొండమీది నీలగిరి చెట్ల నడుమ గాలిబండపై చల్లగాలికి చెవులు జిల్లుమనుట స్వర్గము కాదని వాదింపగల తార్కికుడు పుట్టలేదు. పాడు ఎండలో పుట్టి, జీవితమును నిలువునా కడిగిపారేసిన వేమన సమాధి మా మండలమందలి కటారుపల్లెలోనే యున్నది; ఆయన యీ కొండప్రయాణమును గూర్చి యేమనియుండునో ఊహింపకుండుటయే క్షేమము.

స్వెట్టర్: పెట్టె యడుగున కలరా ఉండల నడుమ నిద్రించు వస్త్రవిశేషము.

సద్ది వదిన కడ్తాది: ఈ గ్రంథమునకు ఆయువుపట్టు ఈ వాక్యమే. పూర్వవ్యాఖ్యాతలు, వారందఱును అన్నలు తమ్ములే యగుటచే కాబోలు, దీనిని సుగమమని దాటిపోయిరి. మొదటి క్రియయు కడపటి క్రియయు “పోదాం, వచ్చేద్దాం” అని అందఱను కలుపుకొని నడచుచున్నవి. ఈ క్రియ యొక్కటే ప్రథమపురుషయందు ఒంటరిగా నిలిచినది. అందఱును విహరింతురు, ఆమె కట్టును. కట్టుదువా యని అడిగిన జాడ లేదు, కట్టునని నిశ్చయము కలదు. ఇక సద్ది యనగా నేమి? చిత్రాన్నము, పెరుగన్నము, శనక్కాయల ఊరిబిండి. చిత్రాన్నమునకు అన్నము పొడిపొడిగా వార్చి, వెడల్పు పళ్లెమున ఆరబోసి, పసుపు తిరగమోత కలిపి, వేడి చల్లారిన పిమ్మటనే నిమ్మకాయ పిండవలెను. తొందరపడి వేడిమీద పిండితిమా, చేదెక్కును. పెరుగన్నమున పాలు ఎక్కువ పోసి పెరుగు తక్కువ వేయవలెను, లేనిచో మధ్యాహ్నమునకు పులియును. కావున 6 గంటలకు బండి కదలవలెనన్నచో 4 గంటలకు పొయ్యి వెలుగవలెను. అన్నదమ్ములకు శనివారముతో మొదలగు సెలవు ఆమెకు శుక్రవారము రాత్రి బియ్యమేరుటతో పనిగా మొదలగుచున్నది. ఇంత చేసి తీసికొనిపోయిన మూటను గాలిబండ మీద విప్పగానే కోతులు తమ భాగమునకు వచ్చును. వానిని అదలించు కర్రయును వదిన చేతనే పెట్టుదురు.

ఆదివారం మాపటికి: సోమవారము కచేరీలు, బడులు గలవని తాత్పర్యము. ఇందు రసమేమియు లేదు.

పాఠాంతరము: కదిరి ప్రతియందు, అన్నగారి ఫోను వదినగారి చేతికి వచ్చిన పిమ్మట, మూడవ వాక్యము ఇట్లు కన్పట్టుచున్నది: «సద్ది ములకలచెరువులో కొనుక్కుందాం. నేనూ స్వెట్టర్ తెచ్చుకుంటా.» ఒంటరిగా నున్న క్రియ “పోదాం, వచ్చేద్దాం” అను రెండింటితో చేరి మూడును ఒక్క తీరున కుదురుకొనుటచే వ్యాకరణరీత్యా ఇదియే సాధుపాఠమని నా నిర్ణయము. తమ్ముడు దీనికి బొటనవ్రేలి బొమ్మ నొకదానిని మాత్రము పంపెను. అది అంగీకారమో, అలుకయో వ్యాఖ్యాతలలో ఇంకను ఏకాభిప్రాయము కుదరలేదు.