పెనిమిటి మూట: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యము

అవతారిక: ఉబుంటు ఎక్కించిన కంప్యూటరొకటి, అకౌంట్లు రెండు గల గృహస్థుఁడొకఁడు కలఁడు. తన పాస్‌వర్డు కొట్టగానే డెస్క్‌టాపు తళుక్కున మెరిసి, మరుక్షణమే లాగిన్ తెర మళ్ళీ ప్రత్యక్షమగుచుండెను. విసిగి, సర్వమూ తుడిచి కొత్తగా ఎక్కించుటకు పెన్‌డ్రైవు చేతఁబట్టెను. అతని చేయి పట్టుకొని మిత్రుఁడొకఁడు చెప్పిన పద్యమిది.

ఆ. ఆలి లాగినందు హాయిగా నాడును
భర్త లాగినందుఁ బడును మరల
పెట్టె తప్పు గాదు పెనిమిటి మూటలో
నక్కి యున్న ఫైలు నలుసు సుమ్ము

ప్రతిపదార్థము: ఆలి లాగినందు = భార్య అకౌంటులో; హాయిగా = ఏ ఆటంకమూ లేక; ఆడును = పనిచేయును (సినిమా ఆడును అన్నట్లు); భర్త లాగినందున్ = మగని అకౌంటులో; మరల = మళ్ళీ మళ్ళీ; పడును = కూలును. ఒక్కసారి కూలిన డెస్క్‌టాపుపై ఎవరూ పద్యములు చెప్పరు. పెట్టె = జనులు సీపీయూ అని పిలుచు డబ్బా; తప్పు గాదు = దోషి కాదు; పెనిమిటి మూటలో = మగని హోమ్ ఫోల్డరులో; నక్కి యున్న = దాగియున్న; ఫైలు = సెట్టింగుల ఫైలు; నలుసు = కంటిలో పడినది; సుమ్ము = నమ్ముము.

‘భర్త’, ‘పెనిమిటి’ ఒక్కఁడే. రెండవ పాదమున ‘బడును’ కొఱకు భకారమును, మూడవ పాదమున ‘పెట్టె’ కొఱకు పెకారమును తెచ్చి కవి యతి నిలుపుకొనెను. ‘ఫైలు’కు ‘వైరు’ అని పాఠాంతరము కలదు. అది రిపేరు దుకాణము వారి ప్రక్షిప్తము, గ్రాహ్యము కాదు.

తాత్పర్యము: ఒక్క అకౌంటులో మాత్రమే డెస్క్‌టాపు కూలుచున్నచో యంత్రమును అనుమానింపక ఆ అకౌంటు సామానులో వెదకవలెనని భావము.

పూర్వపక్షము: ర్యామ్ చెడి యుండవచ్చును గదా? వినుఁడు. ర్యామునకు ఆలుమగల భేదము తెలియదు. చెడినచో ఇద్దరినీ వేధించును. గ్రాఫిక్స్ డ్రైవరో? ఆ డ్రైవరే ఆలికిని తెర చూపుచున్నది. తార్కికులు దీనినే అన్వయ వ్యతిరేకములందురు: మూట ఉన్నచోటఁ గూలుట, లేనిచోటఁ గూలకుండుట. ఇంట రెండవ అకౌంటు లేనివారు కొత్తది ఒకటి తెఱచి చూచినఁ జాలును. వేల రూపాయల రిపేరుకన్న ఈ పరీక్ష నమ్మదగినది, పైగా ఉచితము.

‘నక్కి యున్న’ అనుట సాభిప్రాయము. లినక్సులో పేరునకు ముందు చుక్క గల ఫైళ్ళు మామూలుగాఁ గనఁబడవు. ఎవరి కన్నూ పడకుండ పెట్టిన దిష్టిచుక్క వంటిది ఆ చుక్క. ఫైళ్ళ కిటికీలో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కినచో అవన్నియు బయటఁబడును. వానిలో మూడు ముఖ్యము. డాట్ క్యాష్ అనునది తుడిచినను మరల పుట్టును. డాట్ కాన్ఫిగ్ సెట్టింగుల నిలయము. డాట్ లోకల్‌లోని షేర్ ఫోల్డరునందు దాచుకొన్న పాస్‌వర్డులు మొదలగు అసలు ఆస్తి యుండును గావున దానిని తుడుచువాఁడు పశ్చాత్తాపపడును.

అయితే నలుసు ఏది? గ్నోమ్ డెస్క్‌టాపున నా మొదటి అనుమానము ఎక్స్‌టెన్షన్ల మీఁద. ఇవి వేరే గదిలోఁ గాక గ్నోమ్ షెల్ కడుపులోనే నడచును. అందుచేత ఒకటి తప్పటడుగు వేసినచో షెల్లే కూలవచ్చును. వేలాండ్ అను తెర పద్ధతిలోనైతే దానితోపాటు సెషనంతయుఁ బోవును. మగఁడు ముచ్చటపడి తన అకౌంటులో వేసికొన్న ఎక్స్‌టెన్షన్లు అతని మూటలోనే యుండును, ఆలికి అంటవు. సిస్టమ్ అప్‌డేటైన మఱునాఁడే కూలుట మొదలైనచో అనుమానము బలపడును. కేడీఈ ప్లాస్మాలోనైతే ప్యానెళ్ళు, విడ్జెట్లు వ్రాసియుంచు ఫైలు డాట్ కాన్ఫిగ్‌లోనే కలదు, అచటఁ జూడవలె.

లాగిన్ కాలేనివాఁడు మూట విప్పుటెట్లు? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కినచో నల్లతెర వచ్చును. అందుఁ బేరు, పాస్‌వర్డు కొట్టి లోనికిఁ బోవచ్చును. ముందు సిస్టమ్ చిట్టా యగు జర్నల్ చదువవలె. కూలిన ప్రోగ్రాము పేరు తఱచు అందే యుండఁగా, చదువకయే తుడుచువారే లోకమున నధికులు. పిదప డాట్ కాన్ఫిగ్ పేరు మార్చి లాగిన్ కావలె. తుడువరాదు, పేరు మాత్రమే మార్చవలె. ఇప్పుడు డెస్క్‌టాపు నిలిచినచో పాతదానిలోని ఫైళ్ళను సగము సగముగాఁ దెచ్చి పరీక్షించుచుఁ బోవలె. నలుసు ఒక్కటే యైనచో 16 ఫైళ్ళలో దానిని 4 పరీక్షలతోఁ బట్టవచ్చును.

మూటలో నుండియు పెనిమిటిది కాని ఫైలు ఒకటి కలదు. లైట్‌డీఎం లాగిన్ తెర వాడుచోట్ల, సుడోతో తెర ప్రోగ్రాములు నడపిన ఫలముగా డాట్ ఎక్స్ అథారిటీ అనునది సర్వాధికారి యగు రూట్ పేర నమోదగుట కలదు. యజమాని తన ఫైలులోఁ దానే వ్రాయలేక లాగిన్ తెరకు త్రోయఁబడును. దీనికి హక్కు మార్చుటే మందు.

కొత్త అకౌంటు తెఱచి పాతది వదలుఁడని కొందఱు చెప్పుదురు. పని జరుగునుగాని, చుక్క ఫైళ్ళతో సహా అన్నియుఁ గాపీ చేసినచో నలుసు కొత్తయింటికిని వచ్చి చేరును. పత్రములు, ఫొటోలు మాత్రమే తీసికొని పోవలె.

అలంకారము భ్రాంతాపహ్నుతి. ఎదుటివాని భ్రాంతిని నిజము చెప్పి తొలఁగించుట దాని లక్షణము.

కవికి ఒక్క లోపము చెప్పక తప్పదు. వేలాండ్, ఎక్సార్గ్ అను రెండు సెషన్లు గల కంప్యూటరులో, పాస్‌వర్డు తెర మూలనున్న పళ్ళచక్రము నొక్కి ఒక్కొక్కరు ఒక్కొక్కటి ఎంచుకొనవచ్చును. గ్నోమ్ లాగిన్ తెర ఆ ఎంపికను అకౌంట్స్ సర్వీస్‌తోఁ జెప్పి గుర్తుంచుకొనును. అది వ్రాయఁబడునది హోమ్ ఫోల్డరులోఁ గాదు, సిస్టమ్ వారి వార్ ఫోల్డరులో. ఆలిది ఎక్సార్గ్, మగనిది వేలాండ్ యైనచో, వేలాండ్‌తోఁ బొసఁగని డ్రైవరు మగనిని మాత్రమే కూల్చవచ్చును. అప్పుడు మూట నిర్దోషి, పళ్ళచక్రము నొక్కి సెషను మార్చిన సరిపోవును. మూఁడవ పాదమును దిద్దవలసినదే గాని, అకౌంట్స్ సర్వీస్ అను మాటను ఆటవెలదిలో ఇమిడ్చుట ఎంతటి కవికైనఁ గష్టమే.