మా రోజుల్లో బజారుకు పెద్దదిక్కు ఉండేది

మా రోజుల్లో మెయిన్ బజారులో కొట్టు తాళం తీసిన గుమాస్తా మొదట చీపురు పట్టుకునేవాడు. అరుగు ఊడ్చి, అరుగు కింద కాలువ దాకా ఊడ్చి, బిందెడు నీళ్ళు చల్లి, ఆ తర్వాతే దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించేవాడు. పక్క కొట్టులోనూ అంతే, ఎదుటి కొట్టులోనూ అంతే. ఏడు కొట్టేసరికి మునిసిపాలిటీ బండి వచ్చి కుప్పలెత్తుకుపోయేది. బేరాలు మొదలయ్యే వేళకు బజారు ఆ చివర నుంచి ఈ చివర దాకా కడిగిన కంచంలా ఉండేది. ఇప్పుడు షట్టరు పైకి లేవగానే లోపలి చెత్త రోడ్డు మీదికొస్తోంది. ఇదేమిటయ్యా అని కొట్టువాణ్ణి అడిగితే రోడ్డు మునిసిపాలిటీదంటాడు. మునిసిపాలిటీని అడిగితే చెత్త కొట్లవాళ్ళదంటారు. మధ్యలో నడిచేవాళ్ళం మాత్రం పంచె ఎగ్గట్టుకుని నడుస్తున్నాం.

మాది చీరాలకు దగ్గర్లోని ఒక చిన్న పట్నం. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తగువు ఒక్క ఊరిది కాదు. ఏ చిన్న పట్నంలోనైనా బస్టాండు నుంచి గడియార స్తంభం దాకా నడిచి చూడండి. కొట్లు ఎదిగాయి, బోర్డులు ఎదిగాయి, రోడ్డు ఒక్కటే చిక్కిపోయింది. పెళ్ళిబట్టలకు జనం గుంటూరు, విజయవాడ పోతున్నారనీ, కుర్రకారు ఫోనులోనే కొనేస్తున్నారనీ మా వర్తకులు వాపోతుంటారు. నిజమే, పోతున్నారు. కానీ ముసలి తల్లిని వెంటబెట్టుకుని వచ్చిన మనిషి ఇక్కడ బండి ఎక్కడ పెట్టాలి? ఆ తల్లి కాలువ మీది పగిలిన బండ దాటి కొట్టు మెట్టు ఎలా ఎక్కాలి? రెండు గంటలు కూర్చుని చీరలు చూసిన ఆడమనిషి అవసరం వస్తే ఎక్కడికి పోవాలి? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని బజారుకు వేరే శత్రువులు అక్కర్లేదు.

అప్పట్లో వర్తక సంఘం మేడ మీద నెలకోసారి సమావేశం జరిగేది. జంపఖానా పరిచేవారు. బట్టల వర్తకులు, కిరాణా వాళ్ళు, బంగారం కొట్లవాళ్ళు, హోటళ్ళ యజమానులు ఒక పక్క. మునిసిపల్ ఛైర్మన్, కమిషనరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఒక్కోసారి టౌను ఎస్సై ఇంకో పక్క. మాటలు పెరిగేవి. లైసెన్సు ఫీజు పెంచినప్పుడు కొట్లు మూసి ఊరేగింపు తీసిన రోజులూ ఉన్నాయి. అయినా పై నెల అదే జంపఖానా మీద అదే మనుషులు కూర్చునేవారు. “ఏం శెట్టిగారూ, మీ కొట్టు ముందు బండ పగిలిందట?” అని కమిషనరు అడిగేవాడు. “బండ నేను వేయించుకుంటానండీ, ముందు మీరు కాలువలో పూడిక తీయించండి” అని శెట్టిగారు అనేవారు. వారం తిరక్కుండా రెండు పనులూ జరిగేవి.

మృగశిర కార్తె ముందు ఆ పూడిక పని చూసి తీరాలి. రాత్రి కొట్లు కట్టేశాక ఎవరి బండలు వాళ్ళు తీయించి పక్కన పెట్టేవారు. మునిసిపాలిటీ మేస్త్రి మనుషుల్ని దింపి మురుగు తోడించేవాడు. తీసిన మట్టి తెల్లారేసరికి ట్రాక్టరెక్కాలని షరతు. మొదటి వాన కురిసిన రోజున నీళ్ళు కాలువలో పారాయా, కొట్లలోకొచ్చాయా అన్నది వర్తకులకూ అధికారులకూ కలిపి పరీక్ష. ఎండాకాలం చలివేంద్రాలూ అంతే. నీళ్ళు మునిసిపాలిటీవి, కుండలూ పందిరీ కొట్లవాళ్ళవి, పోసే మనిషికి కూలి సంఘానిది. సరుకు లారీలు తెల్లవారుజామున వచ్చి, జనం బజారుకొచ్చే వేళకు వెళ్ళిపోవాలన్నది కూడా ఆ జంపఖానా మీద కుదిరిన ఒప్పందమే. దానికి కాగితం లేదు. తప్పినవాడికి పక్క కొట్టువాడి ముందు తలెత్తుకోవడం కష్టంగా ఉండేది, అంతే.

మా రోజులన్నీ బంగారమని నేననను. ఆ మురుగు తోడిన మనుషులు వట్టి చేతులతో తోడారు. కాళ్ళకు చెప్పుల్లేవు, చేతులకు తొడుగుల్లేవు. వాళ్ళకు చలివేంద్రంలో గ్లాసు అందించడానికి వెనకాడిన వాళ్ళనూ చూశాను. ఆ జంపఖానా మీద ఒక్క ఆడమనిషి కూర్చోలేదు, తట్ట దించుకుని కూరలమ్మే ఒక్క మనిషి కూర్చోలేదు. ఆ రోజులు యథాతథంగా తిరిగి రావాలని నేను కోరడం లేదు. ఆ జంపఖానా తిరిగి రావాలి. అప్పుడు చోటు దొరకని వాళ్ళకు ఈసారి మొదటి వరుసలో చోటు దొరకాలి.

మునిసిపాలిటీతో మాకు పొత్తేమిటని కుర్రవాళ్ళు విసుక్కుంటే నాకు చీరాల గుర్తుకొస్తుంది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్నులు నలభై వేలకు పోయే పరిస్థితి వచ్చింది. నేతపని వాళ్ళు, రైతులు, చిన్న వర్తకులు మాకీ పట్టణం హోదా వద్దన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు అనే సేవాదళాన్ని నడిపి ముందు నిలిచాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చి, పన్నులు కట్టకుండా శాంతియుతంగా నిలబడండి, లేదా ఊరే ఖాళీ చేయండి అన్నారు. జనం రెండో దారి పట్టారు. ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి, ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. నాయకుణ్ణి జైల్లో పెట్టాక, కష్టాలు మీదపడ్డాక తిరిగి ఊళ్ళోకి వచ్చారు.

ఆ కథను పన్ను ఎగ్గొట్టడానికి అండగా చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా మాట వినకుండా మా దగ్గర వసూలు చేయకండన్నది వాళ్ళ పట్టు. మాట చెప్పే హక్కు కోసం వాళ్ళు ఎండకూ వానకూ ఓర్చారు. ఇప్పుడు మనకు ఓటుంది, కౌన్సిలరున్నాడు, సంఘం ఉంది. పన్ను కడుతున్నాం. మాట మాత్రం చెప్పడం మానేశాం.

ఆ చీరాలకు దగ్గర్లోనే వేటపాలెం ఉంది. 1918లో ఆ ఊరి యువకులు, పెద్దలు కలిసి మొదలుపెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఈనాటికీ నిలిచి ఉంది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. నేతకూ వర్తకానికీ పేరుపడిన ఊరు, సర్కారు ఎప్పుడు కట్టిస్తుందా అని కూర్చోలేదు. మేం చదువుకునే రోజుల్లో మా బజారులోనూ లైబ్రరీ పక్కన బెంచీలుండేవి. సాయంత్రం పేపరు చదవడానికి వచ్చినవాడు పోతూ పోతూ పప్పో ఉప్పో కొనుక్కుపోయేవాడు. ఆంధ్రలో ఇవాళ్టికీ ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఆ పైసలు మన లైబ్రరీకి చేరుతున్నాయా అని వర్తక సంఘం ఎన్నడైనా అడిగిందా? జనం వచ్చి కాసేపు కూర్చునే చోటుంటేనే పక్క కొట్టుకు బేరమన్న సంగతి మా తాతలకు తెలుసు.

ఇప్పటి తీరు చూడండి. కాలువ మీద కదిలే బండల చోట కాంక్రీటు పోశారు. దాని మీద మెట్లు, మెట్ల మీద బొమ్మలు, బొమ్మల ముందు ఆఫర్ల బోర్డు. ఇక పూడిక తీయడానికి దారేది? వాన పడితే మురుగు రోడ్డెక్కుతుంది, దాంతో పాటు మునిసిపాలిటీ మీద తిట్లూ లేస్తాయి. కొట్టు ముందు బండ్లు పెట్టేది గిరాకీలని యజమాని నిష్ఠూరమాడతాడు. పొద్దున్నే వచ్చి రాత్రి దాకా కదలని బండ్లు తనవీ తన పనివాళ్ళవేనని ఒప్పుకోడు. 120 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ సంచులు 2022 చివరి నుంచి నిషేధం. కాలువలో చూస్తే అవే తేలుతున్నాయి. నేత నేసే ఊళ్ళ మధ్య ఉండి కూడా మనం చేసంచి మరిచిపోయాం. మా కాలంలో చేసంచి లేకుండా బజారుకొచ్చినవాణ్ణి కొట్టువాడే మందలించేవాడు.

తోపుడు బళ్ళవాళ్ళ సంగతి మరీ అన్యాయం. పెద్ద అధికారి వస్తున్నాడంటే వాళ్ళను తరిమేస్తారు, వెళ్ళగానే రానిస్తారు. ఈ మధ్యలో ఆశీలు మాత్రం ఆగదు. 2014లో కేంద్రం వీధి వ్యాపారుల చట్టం చేసింది. ప్రతి పట్నంలో కమిషనరు అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలంది. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్ళు కావాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. వర్తక సంఘాలకూ, పోలీసుకూ, బ్యాంకులకూ అందులో చోటిచ్చింది. అయిదేళ్ళకోసారి లెక్క తీయాలి, చీటీ ఇవ్వాలి, ఎక్కడ అమ్ముకోవాలో చోటు చూపాలి. నేను జంపఖానా అంటున్నదాన్నే చట్టం కమిటీ అంది. మరి ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందని మీ ఊళ్ళో అడిగి చూడండి. 2020లో తోపుడు బళ్ళవాళ్ళకు పది వేల అప్పిచ్చే స్వనిధి పథకం వచ్చింది, మంచిదే. అప్పిచ్చి బండి కొనిపించి, ఆ బండి నిలపడానికి చోటివ్వకపోతే ఎవరికి లాభం? పూలమ్మాయి, జామకాయలమ్మాయి ఉంటేనే బజారుకు జనం వస్తారు. వాళ్ళను చూసి కొట్టువాడు మొహం చిట్లించుకోవడం తన గిరాకీని తానే పంపించుకోవడం.

మునిసిపాలిటీ ఇబ్బందులూ నాకు తెలుసు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి చిన్న పట్నాలకిచ్చిన డబ్బులో 60 శాతాన్ని నీళ్ళకూ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది. మిగిలినదాంతో దీపాలు, రోడ్లు, పార్కులు అన్నీ లాగాలి. అయితే ఆ 60 శాతం లోనే చెత్త పనికి, మురుగు పనికి చోటుంది కదా. 2019 నుంచి ఆంధ్రలో వార్డు సచివాలయాలొచ్చాయి. పారిశుద్ధ్యానికొకరు, వసతులకొకరు, ప్లానింగుకొకరు కార్యదర్శులున్నారు. మా రోజుల్లో ఊరంతటికీ ఒక్క శానిటరీ ఇన్‌స్పెక్టరు సైకిలు తొక్కేవాడు. ఇవాళ మనుషులున్నారు, బజారులో వాళ్ళ ముఖం తెలిసిన కొట్టువాడు లేడు. 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకే వార్డు కమిటీలు తప్పనిసరి చేసింది. మా బోటి పట్నాలు ఆ లెక్కకు అందవు. అందుకే మన జంపఖానా మనమే పరుచుకోవాలి.

ఏం చేయాలో పెద్ద పెద్ద కన్సల్టెంట్లు చెప్పక్కర్లేదు. నెలకొక రోజు ఖాయం చేసి వర్తకులు, తోపుడు బళ్ళవాళ్ళు, పారిశుద్ధ్య కార్మికులు, కమిషనరు, ట్రాఫిక్ ఎస్సై కూర్చోవాలి. ఏం అనుకున్నారో, ఎవరు చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో రాసి గడియార స్తంభం దగ్గర బోర్డు మీద అంటించాలి. కాలువ మీద కాంక్రీటు పగలగొట్టి కదిలే బండలు వేయాలి. పగలగొట్టే ఖర్చు కొట్టువాడిది, పూడిక ఖర్చు మునిసిపాలిటీది. యజమానుల బండ్లు, పనివాళ్ళ బండ్లు బజారు బయట ఖాళీ స్థలంలో పెట్టాలి, కొట్టు ముందు చోటు గిరాకీకి విడిచిపెట్టాలి. సరుకు దింపుడు పొద్దున తొమ్మిదిలోపు అయిపోవాలి.

అన్నిటికంటే ముందు ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. ఇది మా రోజుల్లోనూ లేదు, ఇప్పుడూ లేదు. పొద్దుటి నుంచి నిలబడి చీరలు చూపించే ఆడపిల్లలు నీళ్ళు తాగడానికి భయపడుతున్నారు. కట్టించడం మునిసిపాలిటీ పని. కట్టించి వదిలేస్తే ఆరు నెలల్లో తాళం పడుతుంది. దాన్ని నడపడం, నీళ్ళు, కరెంటు, శుభ్రం చేసే మనిషికి సరైన జీతం వర్తక సంఘం పని కావాలి.

డబ్బెక్కడిదంటారా? ఆంధ్రలో ఏడాది ఆస్తి పన్ను మొత్తం ఏప్రిల్ నెలాఖరులోగా కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు. బజారులో కొట్లున్నవాళ్ళంతా ఈ ఏప్రిల్‌లో ఒకే రోజు కలిసి వెళ్ళి పన్ను కట్టండి. తగ్గిన ఆ 5 శాతాన్ని సంఘం ఖాతాలో వేసి మరుగుదొడ్డి నిర్వహణకు కేటాయించండి. మునిసిపాలిటీకి ఏడాది మొదట్లోనే డబ్బు చేతికొస్తుంది. స్థలమెక్కడిస్తారు, ఎప్పుడు కట్టిస్తారు అని అదే కౌంటరు ముందు నిలబడి అడిగే హక్కు మీకొస్తుంది. పన్ను కట్టినవాళ్ళంతా ఒక్కచోట నిలబడి అడిగితే కాదనే కమిషనరును నా వయసులో నేను చూడలేదు.