బకెట్టెడు విశ్రాంతి

నా రక్తపుపోటు 150కి దిగువకు దిగనని భీష్మించుకొని కూర్చున్న దినములలో, కోకాపేటలో పదునెనిమిదవ అంతస్తున కాపురముండి కంప్యూటరు కొలువు చేయు మా బావమరిది వచ్చి, “బావగారూ, మీకు కావలసింది మందులు కాదండీ, రిలాక్సేషన్. ఆదివారం నాతో డ్రైవింగ్ రేంజికి రండి” అనగా, ఈ వయస్సున నాకు కారు నడుపుట నేర్పదలచినాడేమో యని శంకించుచునే వెంట బోయితిని.

పోయి చూడగా అచట నడుపునది కారు కాదు, గోల్ఫు బంతి. ముందువైపు తెరచియున్న పొడవాటి వసారా. పశువుల కొట్టములో వలె వరుసగా అరలు. అరకొక పచ్చని చాప, చాపకొక పెద్దమనిషి. ఎదుట మైదానమున 100, 150, 200 గజములని వ్రాసిన పలకలు. రొక్కము చెల్లించినవానికి బకెట్టెడు బంతులిత్తురు. విశ్రాంతిని బకెట్లతో కొలిచి యమ్ముట నేను చూచుట అదియే ప్రథమము. బంతి 45.93 గ్రాములకు మించరాదు, 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. దాని యొంటినిండ నున్న స్ఫోటకపు మచ్చలవంటి గుంటలు గాలి వెనుకకు లాగు బలమును తగ్గించును గావున, నున్నని బంతి దాని దూరములో సగము పోవుటయే గగనమట. ఇంత శాస్త్రమును మా బావమరిది నేను చాప యెక్కకమునుపే బోధించెను. ఆపై ప్రయోగవిధి: తల కదల్పరాదు, ఎడమచేయి వంచరాదు, మోకాళ్ళు మాత్రము వంచవలెను, నడుము త్రిప్పవలెను, కఱ్ఱను బిగించి పట్టరాదు, వదలరాదు; అన్నిటికంటె ముఖ్యముగా మనస్సును తేలికగా నుంచుకొనవలెను! చిన్ననాడు కఱ్ఱాబిళ్ళ ఆడితిమిగదా, బిళ్ళ పొలిమేర దాటిననాడైనను నడుమును గూర్చి యెవ్వడును మాకు ఉపన్యసింపలేదు.

కొట్టితిని. కఱ్ఱ గాలిని చీల్చుకొని పోయి నా వీపును చేరెను. బంతి మాత్రము రబ్బరు గొట్టముమీద పద్మాసనము వేసిన యోగివలె నిశ్చలముగా నుండెను. ఆ ప్రాంగణమున ప్రశాంతతను పొందినది అదియొక్కటియే. ప్రక్క అరలోని ఆసామి సెల్‌ఫోనును కుండీకి ఆనించి తన దెబ్బను తానే చిత్రించుకొని, చూచుకొన్నప్పుడెల్ల “ఛ!” యని నిట్టూర్చుచుండెను; అవతలివాడు చెవిలో తీగ పెట్టుకొని, పై అధికారికి సంజాయిషీ చెప్పుచునే కొట్టుచుండెను.

జనులకు విలువిద్యాభ్యాసము చెడుచున్నదని స్కాట్లండు రాజు రెండవ జేమ్సు కాలమున అచటి పార్లమెంటు 1457లో ఈ యాటను నిషేధించినది. ఆ ప్రభువునకు నా వందనములు. మన నగరమున దీనికి దొరకిన చోటులలో నొకటి గోల్కొండ కోటలోని నయాఖిల్లా! 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి, తుదకు లోపలివాడు తలుపు తీసినగాని చొరలేకపోయిన ఆ కోటలోనికి, నేడు పెద్దమనుష్యులు సంచికి 14 కఱ్ఱలకు మించకుండ వేసుకొని ఉదయముననే చొచ్చుచున్నారు.

ఇంతలో మా మైదానములోనికి బంతులేరు బండి దిగెను. చుట్టును ఇనుపవల బిగించిన బోనులో కూర్చుండి ఒక కుర్రవాడు దానిని తోలుచుండెను. అంతవరకు పలకలను చూచి కొట్టుచున్నవారందఱును, ఎవ్వరును చెప్పకయే, గుఱి వానివైపు త్రిప్పిరి. వలకు ఒక బంతి ఠంగుమని తగులగానే వసారా యంతయు చప్పట్లు కొట్టెను; మా బావమరిది ముఖమున ఆనాడు నవ్వు కనిపించినది అప్పుడే. ఆ కుర్రవాడు తలయైన త్రిప్పక, దుక్కి దున్నువానివలె నిదానముగా చాలు వెంట చాలు తోలుకొని పోవుచుండెను.

నా బకెట్టులో సగము బంతులుండగనే నడుము పట్టినది. మఱునాడు వైద్యుడు పట్టీ చుట్టి చూచి 165 అనెను. పాత మాత్రలకు తోడు నడుమునకు పూతమందుకూడ వ్రాసియిచ్చెను.