రేటింగు ముఖం ఇల్లు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు వెతికే మనవాళ్లు మొదట తూర్పు ముఖమా కాదా అని చూస్తారు. మరుక్షణం ఫోను తీసి బడి రేటింగు చూస్తారు. అది పదికి తొమ్మిది ఉంటే వాస్తు దోషమూ సర్దుకుంటుంది. అయిదుంటే ఈశాన్యంలో పూజగది ఉన్నా లాభం లేదు!

ఆ రేటింగులో పరీక్ష మార్కులది పెద్ద పాత్ర. మార్కులేమో అమ్మానాన్నల సంపాదన వెంట నడుస్తాయి. డబ్బున్నవాళ్లు చేరితే రేటింగు పెరుగుతుంది, రేటింగు పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే ఇంకా డబ్బున్నవాళ్లే చేరతారు. ఈ చక్రంలో టీచరమ్మ పాత్ర ఎక్కడో అడక్కండి. ఆ వీధిలో ఇల్లు కొనడం ఆమె జీతానికి కష్టమే.

టెక్సస్‌లో ఇంటి పన్నులో పెద్ద ముక్క బడికే పోతుంది. ఒకప్పుడు ఖరీదైన ఇళ్లున్న చోట బడికి బోలెడు డబ్బు, పేద పేటలో కటకట. ఇది అన్యాయమని శాన్ ఆంటోనియో తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, చదువు రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కు కాదని 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తేల్చేసింది. సంపన్న ప్రాంతాల బడి పన్నులో కొంత పేద ప్రాంతాలకు మళ్లించే చట్టం 1993లో రాష్ట్రంలో వచ్చింది. దానికి జనం పెట్టిన పేరు రాబిన్‌హుడ్. పంచిపెట్టినందుకు దొంగ పేరే దక్కింది!

కనుక అమెరికా సర్కారు బడిలో ఫీజు లేదని మురిసిపోకండి బాబూ. ఫీజు ఉంది. ముప్పై ఏళ్లపాటు, నెలనెలా, బ్యాంకుకు కడుతున్నారు!