సహాయార్థ పాటకచేరీ కరపత్రం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం

తే. ఘంటసాల పాటల రేయి కళల నిధికి
ఆరు గంటల కారంభ మందరికిని
ఉచితమే ప్రవేశము కాని యొసగ వలయు
శక్తి కొలది విరాళము సరసులార!

అవతారిక

ఘంటసాల వెంకటేశ్వరరావు జయంతి డిసెంబరు 4, వర్ధంతి ఫిబ్రవరి 11. ఈ రెండు తేదీలకు అటూ ఇటూగా తెలుగు ఊళ్లలో ఆయన పాటల విభావరులు జరుగుతుంటాయి. పాడేవారిలో బ్యాంకు ఉద్యోగులు, పంతుళ్లు, విశ్రాంత ఇంజనీర్లు ఎక్కువ. వాయించేవారు మాత్రం పెళ్లిళ్లకూ జాతరలకూ తిరిగే ఆర్కెస్ట్రావారు. వసూలైన సొమ్ము సభ పెట్టిన సంస్థ నడిపే సంగీతం, నాటకం, నృత్యం తరగతులకు వెళుతుంది. అలాంటి ఒక సభ కరపత్రం నెత్తిన అచ్చయిన పద్యమిది. కర్త పేరు లేదు. విరాళం ప్రస్తావన రెండు పాదాలు ఆక్రమించినందున కర్త సంస్థ కోశాధికారి అయి ఉండాలని ఒక వాదం.

ప్రతిపదార్థం

సరసులార = ఓ రసికులారా (అనగా ముందు వరుస సోఫాల్లో కాక వెనక కుర్చీల్లో కూర్చునేవారలారా); ఘంటసాల = ఆ పేరుగల గాయకుని యొక్క; పాటల = తక్కినవారు పాడబోయే పాటలతో కూడిన; రేయి = రాత్రి; కళల నిధికి = పిల్లల తరగతుల ఖర్చుకై; ఆరు గంటలకు = ఆహ్వానంలో వేసిన వేళకు; ఆరంభము = మైకు పరీక్ష మొదలగును; అందరికిని = టికెట్టు కొనే అలవాటు లేనివారికి సైతం; ప్రవేశము = లోనికి రాక; ఉచితమే = ఊరకయే; కాని = అయినప్పటికిని; శక్తి కొలది = పక్కవాడు ఎంత రాయించాడో చూసి; విరాళము = రసీదు గల సొమ్ము; ఒసగ వలయు = ఇవ్వవలెను.

అన్వయం

ఇందులో చిక్కు ‘అందరికిని’ దగ్గర వస్తుంది. అది ‘ఆరంభము’తో కలుస్తుందా, తర్వాతి పాదంలోని ‘ప్రవేశము’తో కలుస్తుందా? మొదటి పక్షం నిలవదు. సభ ఆరు గంటలకు అందరికీ ఆరంభం కాదు. ముఖ్య అతిథికి ఏడుంబావుకు, ఆయన్ను తీసుకురావడానికి కారులో వెళ్లినవారికి ఇంకొంచెం తర్వాత, సాయంత్రం నాలుగుకే వచ్చి తీగలు పరిచిన సౌండ్ కుర్రాళ్లకు రెండు గంటల ముందే ఆరంభం. కాబట్టి రెండో పక్షమే గ్రాహ్యం.

‘రేయి’ అన్న మాటతో కాలనిర్ణయం చేయవచ్చు. విజయవాడ ప్రాంతంలో డిసెంబరు 4న అయిదున్నర దాటగానే పొద్దుగుంకుతుంది. ఆరింటిని రేయి అంటే చెల్లుతుంది. ఫిబ్రవరి 11న ఆరింటికి ఇంకా వెలుతురు ఉంటుంది. కనుక ఇది జయంతి సభ. వర్ధంతి సభే అని వాదించేవారు, కవి రాసింది కరపత్రంలోని వేళ కాదు, నిజంగా పాట మొదలయ్యే వేళ అని సమర్థిస్తారు. ఆ వాదాన్నీ తోసిపుచ్చలేం.

తాత్పర్యం

ఘంటసాల పాటలు వేరేవారు పాడతారు, వచ్చి విని డబ్బివ్వండి అని భావం.

విశేషాలు

‘ఘంటసాల పాటలు’ అన్న షష్ఠికి రెండు అర్థాలు: ఆయన పాడినవి, ఆయన స్వరపరచినవి. పాతాళభైరవి (1951) సంగీతం ఆయనదే గనుక అందులో ఆయన పాడిన పాటలకు రెండర్థాలూ పొసగుతాయి. జగదేకవీరుని కథ (1961)లో శివశంకరీ పాటకు బాణీ కట్టింది పెండ్యాల నాగేశ్వరరావు. అయినా సభలో ఆ పాట ఘంటసాలదే. అది లేకుండా విభావరి ముగియదు. దానికి ముందు వేదిక మీద జరిగే తంతు గమనించదగింది. గాయకుడు కీబోర్డు వైపు వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని “ఒక్క అర శ్రుతి దించండి” అంటాడు. కీబోర్డు వాయించే అతను తలెత్తకుండా ఒక మీట రెండుసార్లు నొక్కుతాడు, ఎందుకంటే గాయకుడి శక్తి అతనికి రిహార్సల్లోనే తెలిసిపోయింది. తబలా అతను మాత్రం సుత్తి తీసి మళ్లీ గట్టా మీద కొట్టుకోవాలి. ఈ వ్యవధిలో వ్యాఖ్యాత ఆ పాట రాగమైన దర్బారీ కానడ గొప్పతనం చెబుతుంది. చివర స్వరాల దగ్గర గాయకుడి గొంతు జారినా సభ చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లు ఎవరికి చెందుతాయన్న ప్రశ్నకు జవాబు తేలికే: ఆ క్షణంలో ప్రేక్షకుల చెవిలో వినబడేది రికార్డు. గాయకుడు ఆ రికార్డును గుర్తు చేస్తే చాలు, దాన్ని మించనక్కర్లేదు. మించబోయి సొంత సంగతులు వేసినవాణ్ణి మాత్రం సభ క్షమించదు.

మూడో పాదంలో అలంకారం విరోధాభాసం. ఉచితమంటూనే ఇవ్వాలనడంలో పైకి విరోధం, లోపల పరిహారం. పరిహారం ఇది: టికెట్టు కొన్నవాడికి వరుస సంఖ్య, కుర్చీ, ఫిర్యాదు చేసే హక్కు వస్తాయి. విరాళమిచ్చినవాడికి రసీదు తప్ప మరేమీ రాదు, పైగా నిలబడైనా వింటాడు.

ఇక్కడ ధర్మశాస్త్ర చర్చ ఒకటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఔత్సాహిక క్లబ్బు లేదా సంఘం డబ్బు చెల్లించని ప్రేక్షకుల ముందు పాడితే హక్కుల ఉల్లంఘన కాదు. మత సంస్థ ప్రయోజనార్థమైతే కూడా కాదు. కళా శిక్షణ నిధి మత సంస్థ కాదు గనుక రెండో వెసులుబాటు లేదు. మొదటిది వర్తించాలంటే పాడేవారు ఔత్సాహికులు కావాలి, వినేవారు చెల్లించకూడదు. ఆర్కెస్ట్రావారికి పారితోషికం ముట్టింది, వినేవారు డబ్బాలో వేశారు. ‘ఉచితమే... కాని’ అన్న ప్రయోగం సరిగ్గా ఈ సన్నని గోడ మీద నిలబడి ఉంది. కూలుతుందా నిలుస్తుందా అన్నది వ్యాఖ్యాతల పని కాదు. పాటల హక్కులు చూసే సంస్థ ఐపీఆర్ఎస్ నుంచి లైసెన్సు ముందే తీసుకున్న కార్యదర్శికి ఆ బెంగ ఉండదు. స్వరకర్త మరణించాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ లెక్కన 1974లో పోయిన ఘంటసాల బాణీలు 2034 చివరి దాకా చట్టం నీడలోనే ఉంటాయి. పాడిన గొంతు తనదైనంత మాత్రాన మినహాయింపు లేదని 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున అందిన నోటీసు లోకానికి చెప్పింది.

‘శక్తి కొలది విరాళము’ అన్నది పద్యంలో అందరూ తేలిగ్గా దాటిపోయే చోటు. నిజానికి పద్యం మొత్తంలో నాయకుడి జీవితానికి దగ్గరగా వచ్చే మాట ఇదొక్కటే. సంగీతం నేర్చుకోవడానికి విజయనగరం చేరిన కుర్రవాడు ఘంటసాల తిండికి దారి లేక జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధుకరం చేశాడు. గురువు పట్రాయని సీతారామశాస్త్రి చదువుకు డబ్బు పుచ్చుకోలేదు. తర్వాత చేరిన సంగీత కళాశాల 1919లో విజయనగరం సంస్థానం పెట్టింది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. అంటే ఆ గొంతు తయారైంది ఒక గురువు ఔదార్యం, ఒక రాజు ఖర్చు, పేరు తెలియని కొందరు గృహిణులు పెట్టిన అన్నం మీద. ఆ గృహిణుల్లో చాలామందికి ఎవరూ శాలువా కప్పి ఉండరు. హాలు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టిన స్టీలు డబ్బాలో పడే పది, యాభై నోట్లకు ఈ వంశవృక్షం ఉంది. హాలు అద్దె, సౌండు, ఆర్కెస్ట్రా పోగా మిగిలినదాంతో ఒక హార్మోనియం రీడ్లు బాగుపడతాయి, మృదంగం మాస్టారికి కొన్ని నెలల జీతం గడుస్తుంది.

మూలంలో లేనిది రాయనని మెదక్ ప్రాంతానికి చెందిన సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన సన్మాన సభలు చూడలేదు. మూలంలో లేకపోయినా జ్యోతి ప్రజ్వలన, దాతల ప్రశంస, శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు, వందన సమర్పణ సభలో ఉంటాయి. వీటివల్ల కుదించుకుపోయేవి పాటలే. మూడు చరణాలవి ఒక్క చరణానికి దిగుతాయి. సంగీతానికి ఇంతకంటే మొరటు కత్తెర లేదు. కానీ హాలు అద్దె కట్టింది ఆ శాలువా కప్పించుకున్న దాతే.

ఛందస్సు, పాఠాంతరాలు

తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి. ‘ఆరు’కు ‘అందరికిని’లోని అకారంతో యతి. నిజం చెప్పదలచి ‘ఏడు గంటల కారంభ’ అని ఉంటే గణం కుదిరేది, యతి చెడేది. ఒక ప్రతిలో ‘అయిదు గంటల కారంభ’ అన్న పాఠం ఉంది. గణమూ యతీ రెండూ నిలిచాయి గనుక లాక్షణికులు దీన్ని ఆమోదిస్తారు. ముఖ్య అతిథికి పంపిన ప్రతి అదే.