అనుభవము అవసరము లేదు: సటీకాతాత్పర్యము

మూలము:
“యాడ్ ఏజెన్సీలో పని నేర్చుకొనుటకు మనుషులు కావలెను. అనుభవము అవసరము లేదు. జీతము అనుభవమును బట్టి.”

అవతారిక: ఆంధ్రా ప్యారిస్ అను బిరుదమును, ఎవరిచ్చిరని యడుగక, తరతరములుగా ధరించియున్న తెనాలిపట్టణమున, ఒక మేడమెట్ల ప్రక్కగోడపై, ట్యూషన్ల కాగితమునకును మొలల వైద్యుని కాగితమునకును నడుమ, ఈ వచనము అంటింపబడియున్నది. రేపల్లెలో నొక రైసుమిల్లున పద్దులు వ్రాయుచు, బస్తాల లెక్కకన్న మాటల కూర్పు మేలని చిరకాలముగా తలపోయుచున్న గుమాస్తా యొకడు దీనిని చదివి, సెలవు పెట్టి, మేడ యెక్కెను. అతడే యిందు నాయకుడు. కొలువు మానలేదు గనుక ధీరోదాత్తుడు కాడు. మానవలెనని ప్రతిరాత్రియు అనుకొనును గనుక ధీరశాంతుడును కాడు.

ప్రతిపదార్థము: యాడ్ ఏజెన్సీలో = పత్రికలవారికిని దుకాణదారులకును నడుమ నిలిచి, ఇరువురిచేతను మాటలు పడుచు, పత్రికలవారు సంప్రదాయముగా నిచ్చు నూటికి 15 రూపాయల కమీషనుపై జీవించు చోట; పని = నిన్నటికే పూర్తి కావలసినది; నేర్చుకొనుటకు = జీతమడుగక చేయుటకు; మనుషులు = ఇదివరకే మఱియొక ఉద్యోగమున విసిగినవారు; కావలెను = ఉన్నవాడు మొన్ననే మానెను గనుక తక్షణము కావలెను; అనుభవము = ఈ వ్యాపారపు లోగుట్టు; అవసరము లేదు = తెలిసినవాడు చేరడు గనుక; జీతము = ఆశ; అనుభవమును బట్టి = కాలక్రమమున.

తాత్పర్యము: వృత్తి మార్చదలచినవాడు పాతదానిని విడువకుండ క్రొత్తదానిని కొంతకాలము చేసిచూడవచ్చుననియు, ఆ చూపునకు మూల్య మడుగరాదనియు భావము.

విశేషములు:

దేశవిచారము. రేపల్లె శాఖామార్గమునకు తుదిస్టేషను. బాపట్ల ప్రధానమార్గమున నున్నది. కావున రేపల్లెనుండి రైలుమీద బాపట్లకు పోగోరువాడు తెనాలిలో బండి మారక తప్పదు. మారుటకు ముందు దిగవలయును. రావలసిన బండి ఎంత ఆలస్యమో దిగిన పిమ్మటనే నిజముగా తెలియును. మన నాయకుడు దిగకయే మారదలచెను. ఇదియే యీ కథయందలి హాస్యరసమునకు ఆలంబనము.

శంక: ప్రకటన లనగా చమత్కారవాక్యములు గదా? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పి, సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టి, దానిని ఇంటింటిమాట చేయలేదా? 1955లో న్యాయశాస్త్రపట్టము పుచ్చుకొనిన బాపుగారు నల్లకోటు జోలికి పోక కుంచె పట్టి, ప్రకటనల సంస్థలలోను పనిచేయలేదా?

సమాధానము: చేసిరి. కాని ఘనులకథలు ఫలసిద్ధి యైన పిమ్మట చెప్పబడుటచే, నడుమనున్న విసుగెల్ల జారిపోయి, వెలుగుమాత్రము మనకు దక్కుచున్నది. నాయకునికి మొదట దక్కినది ఆ జారిపోయిన భాగమే. అది యొక వర్ధంతిప్రకటన. స్థలము రెండు కాలములు, పది సెంటీమీటర్లు. కుటుంబమువారిచ్చిన కాగితమున ఇరువదిమూడు పేర్లు. ఫొటో పెండ్లి ఆల్బమునుండి కత్తిరించినది యగుటచే దివంగతురాలి భుజముమీద ఎవరిదో చేయి మిగిలియున్నది. పేర్లన్నియు పట్టవలెనన్న అక్షరము తగ్గవలయును. తగ్గించినచో కనబడదని పెద్దకుమారుడు. తన భర్త పేరు ఏదని చిన్నకుమార్తె ఫోను. ప్రూఫు పోవుచు వచ్చుచు నుండగా సాయంకాలమయ్యెను. తుదకు “అశ్రునయనాలతో” అను మాట తొలగించినచో ఒక పంక్తి మిగులునని నాయకుడు కనుగొనెను. అశ్రునయనములు పోయి అల్లుడు నిలిచెను. యజమాని తల యెత్తి చూచి, “పర్లేదే!” అనెను. ఈ శాస్త్రమున ఇంతకుమించిన ప్రశంస లేదు.

పిదప అతడు, 1913లో ప్రథమాంధ్రమహాసభ జరిగినదియు, 2022 ఏప్రిల్ 4న జిల్లాకేంద్రమైనదియు నగు బాపట్లకు, ఒక బట్టలకొట్టు ఫ్లెక్సీ కొలతకై పంపబడెను. నిచ్చెన యెక్కినవాడు టేపు ఒకకొన పట్టగా, రెండవకొన పట్టి ఎండలో నిలిచి, చదరపుటడుగులు నోటిలెక్కగా కట్టి, మడతకును ఉంగరములకును విడువవలసినదానిని కలిపి చెప్పెను. పైసా తేడా రాలేదు. మాటలకై వచ్చినవాడు లెక్కవలన నెగ్గెను.

దీనిచే సిద్ధించున దేమనగా: క్రొత్తవృత్తియొక్క మెఱపును చూచి దానిని వరించరాదు, మెఱపు అన్నివృత్తులయందును ఉన్నది, అందరికిని నచ్చును. ఏ వృత్తియందలి విసుగును మనము గొణగక, గడియారము చూడక, భరింపగలమో అదియే మనది. మిల్లులో పైసాతేడాకై రాత్రి పదిగంటలవరకు కూర్చుండుటకు ఏడ్చినవాడు, ఒక అల్లునికొఱకు నాలుగుగంటలు కూర్చుండియు ఆకలి మఱచెను. ఈ భేదము గోడకాగితము చెప్పదు. మేడ యెక్కినవానికే తెలియును.

ఫలశ్రుతి: ఈ వచనమును సార్థముగా తెలిసికొని, కొలువు మానక, సెలవుదినములందు అభ్యాసము చేయువాడు, క్రొత్తవిసుగు తన యొంటికి పడునో పడదో కొలదికాలముననే గ్రహించును. పడినచో రాజీనామా వ్రాయును. పడనిచో పద్దులు వ్రాయును. ఎట్లైనను రైలుచార్జీకి మించి నష్టపోడు.