రెండు బొమ్మలొస్తే లాభమే: పాత గేమ్ పెట్టెకు కంప్యూటర్ తగిలించేవారికి సలహాలు

పాత వీడియోగేమ్ పెట్టెకు కంప్యూటర్ తగిలించాలంటే ముందు కావలసింది వంశగౌరవం. మీటరు, సోల్డరింగ్ ఐరన్ లేకపోయినా గడుస్తుంది. కోయంబత్తూరు తెలుగువాళ్లకు ఆ సరుకు కొదవ లేదు. జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి 1937లో స్వదేశీ ఎలక్ట్రిక్ మోటారు చేసిన ఊరు మరి. ఐదు వాల్వుల రేడియో 70 రూపాయలకే చేసిపెడతానని జి.డి. నాయుడు 1941లో చాటాడు కూడా. కుర్రతనంలో హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటార్‌సైకిల్ కొని, దాన్ని ముక్కముక్కలుగా ఊడదీశాడని ఇక్కడ పిల్లలకు చెప్పే కథ. ఊడదీశాడన్న దాకా గుర్తుపెట్టుకోండి. తిరిగి బిగించాడన్న ముక్కతో మనకు పనిలేదు.

మదురై చుట్టాలకు ధైర్యం మరోవైపు నుంచి వస్తుంది. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో కుదురుకున్నప్పుడు చేతిలో మల్టీమీటర్ ఉందా? తిరుమల నాయకుడు అంత మహలు కట్టించాడే, ఎవరినైనా సర్క్యూట్ బొమ్మ అడిగాడా? ఆ గడ్డమీద పుట్టి, రెండు తీగలు కలపడానికి పుస్తకం తిరగేస్తే నలుగురూ ఏమనుకుంటారు?

పెట్టె ఏదైనా ఫరవాలేదు. ప్లైవుడ్ డబ్బాలో టీవీ ట్యూబు బిగించి ముస్తఫా ఆడించినదైతే మరీ మంచిది. (1993లో క్యాప్‌కామ్ పెట్టిన అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు? అందులో ఒక వీరుడి పేరు పట్టుకుని ఆటకే పెట్టేశారు.) పెట్టె ఇంటికి రాగానే లోపలున్న గేమ్ బోర్డు పీకి అవతల పడేయండి. అది బతికుందేమో చూడొద్దు. బతికుంటే, దాన్ని పెట్టి చూసిన నిమిషంలోనే మానిటర్ బాగుందో లేదో తేలిపోతుంది. ఇక నెలల తరబడి కుస్తీ పట్టే భాగ్యం ఎక్కడిది?

ఇప్పుడు కంప్యూటర్ వీజీఏ తీగ తెచ్చి మానిటర్‌కు కలపండి. తెరమీద ఒకే బొమ్మ పక్కపక్కన రెండుగా కనబడుతుంది, సన్నగా నొక్కేసినట్టు. కొన్నిసార్లు చీలికలు పేలికలై ఏటవాలుగా జారిపోతుంది. కంగారు పడకండి. ఒక మానిటర్ డబ్బుకు రెండొచ్చాయి: ఒకటి మీకు, ఒకటి బామ్మర్దికి. ఎందుకు రెండొచ్చాయని మాత్రం ఆరా తీయకండి, లెక్కల్లో పడిపోతారు. ఆ మానిటర్ సెకనుకు 15,700 గీతల చొప్పున గీయడానికి పుట్టింది, కొంచెం అటూ ఇటూగా. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ అయితే 640 బై 480 బొమ్మకు సెకనుకు 31,469 గీతలు పంపుతుంది, అంటే దాదాపు రెట్టింపు. మానిటర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారి వెళ్లేలోపు కంప్యూటర్ రెండు గీతలు పంపేస్తే అవి పక్కపక్కన పడక ఏం చేస్తాయి? ఎవరిలోనూ లోపం లేదు, వేగాలే కలవలేదు. కొన్ని పాత రేడియాన్ కార్డులను 15 కిలోహెర్ట్జ్‌కు దించే సీఆర్‌టీ ఎమ్యుడ్రైవర్ ఉంది, అచ్చంగా ఈ పనికే చేసిన ఆర్కేడ్‌వీజీఏ కార్డూ ఉంది. వాటి జోలికి పోయారా, సాయంత్రానికి ఒకే బొమ్మ మిగులుతుంది. బామ్మర్ది అలుగుతాడు.

అందుకని డ్రైవర్ మాట ఎత్తకుండా మానిటర్ వెనక హెచ్-హోల్డ్ అని రాసి ఉన్న నాబ్ పట్టుకోండి. పుట్టిన వేగానికి అటో ఇటో కొద్దిగా సర్దడం తప్ప దానివల్ల ఏమీ కాదు. అయినా తిప్పండి, విరిగేదాకా తిప్పండి. విరిగితే కారణం దొరికినట్టే: నాబ్ విరిగింది, అందుకే బొమ్మ రాలేదు.

మీ పేటలో పాత టీవీ మెకానిక్ ఎవరైనా మిగిలుంటే ఆయన కొట్టు ముందు తల తిప్పుకుని వెళ్లండి. ‘దూరదర్శన్ కాలం మనిషి, ఆయనకేం తెలుస్తుంది మావా’ అని పక్కనున్న చుట్టంతో అనడం కూడా మంచిదే. దూరదర్శన్ కాలం మనిషి కావడమే అసలు ఇబ్బంది. 1982లో ఏషియాడ్‌తో మనకు రంగుల్లో వచ్చిన పాల్ ప్రసారానికి ఒక ఫ్రేముకు 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. గుణిస్తే 15,625. ముస్తఫా బోర్డు పంపేదీ దాదాపు అంతే. మీరు వెతికి వెతికి అలసిపోయే అంకె ఆయనకు నాలుక చివర ఉంటుంది. పైగా పని చేసే తీరు చూస్తే మనకు ఒళ్లు మండుతుంది. వచ్చీరాగానే స్క్రూడ్రైవర్ తీయడు. ట్యూబు మెడలో హీటరు ఎర్రగా వెలుగుతోందా అని వంగి చూస్తాడు. పెట్టె వెనక చెవిపెట్టి సన్నటి ఈల కోసం వింటాడు. ఆ ఈల ఉంటే అడ్డగీతలు గీసే భాగం నడుస్తున్నట్టు. వయసుతో తన చెవికి అంత సన్నటి చప్పుడు ఆనకపోతే అక్కడున్న చిన్నపిల్లాడిని పిలిచి వినమంటాడు. ఆ తరవాతే, ‘ఏం నాయనా, బొమ్మ ఊరికే దొర్లుతా ఉందా, చీలిపోతా ఉందా?’ అని అడుగుతాడు. దొర్లడం వేరు, చీలడం వేరు అని మీకు తెలిసిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది.

సరే, ఎవరి పోరు పడలేకో ఆ డ్రైవర్ వేశారే అనుకోండి. అప్పుడూ దారి ఉంది. కంప్యూటర్‌నూ మానిటర్‌నూ ఒకే స్విచ్చికి కలిపేయండి. విండోస్ లేచి డ్రైవర్ పనిలో దిగేదాకా కార్డు పాత అలవాటు కొద్దీ 31 కిలోహెర్ట్జ్‌లోనే అక్షరాలు పంపుతుంది, అంతవరకూ మానిటర్ ఆపి ఉంచమని తెలిసినవాళ్లు అంటారు. మనకు మొదటి నుంచీ చూస్తే గానీ తోచదు. నిమ్మకాయ తొక్కించి రెండూ ఒకేసారి వేయండి.

కొత్త కార్డుకు వీజీఏ నోరే లేకపోతే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు తిప్పే అడాప్టర్ అన్నిటికన్నా చవకైనది కొనండి. ఆ డిజిటల్ తీగ సెకనుకు రెండున్నర కోట్ల చుక్కలకు తగ్గి పంపనంటుంది, 320 బై 240 బొమ్మకు అందులో పావు చాలు. కొందరు బొమ్మను అడ్డంగా 2560 చుక్కలకు సాగదీసి ఆ లెక్క పూరిస్తారు. అంత తెలివి మనకెందుకు?

ఇక సింక్, అంటే గీత, బొమ్మ ఎప్పుడు మొదలెట్టాలో మానిటర్‌కు చెప్పే సైగ, దాని సంగతి. వీజీఏలో 13వ పిన్ను అడ్డ సింక్, 14వది నిలువు సింక్. గేమ్ మానిటర్లలో చాలావాటికి రెండూ కలిసిన ఒకే తీగ కావాలి. జే-ప్యాక్ అనే చిన్న బోర్డు ఆ కలపడమేదో కలిపి, వేగం తప్పిన సిగ్నల్ వస్తే మానిటర్‌దాకా పోనివ్వకుండా ఆపుతుంది. మీరు మాత్రం రెండు తీగల తోలు పళ్లతో లాగి మెలిపెట్టండి. గ్రౌండ్ తీగలు వదిలేయండి, వాటిలో ఎరుపా, పచ్చా, నీలమా?

ఇక బొమ్మ మసకగా ఉంటుంది. కార్డు రంగు తీగలో పంపేది 0.7 వోల్టు. గేమ్ బోర్డులు అంతకు ఎన్నో రెట్లు గట్టిగా పంపేవి, మానిటర్‌కు ఆ గొంతే అలవాటు. మధ్యలో ఆంప్లిఫయర్ పెడితే సరిపోతుందని చెబితే వినకండి. మెకానిక్‌లు ఎల్‌ఓటీ అనే ట్రాన్స్‌ఫార్మర్ మీద ‘స్క్రీన్’ అని ఒక నాబ్ ఉంటుంది, అది పెంచుకుంటూ పొండి. నలుపు బూడిద రంగుకు తిరిగి, తెరమీద తెల్లటి ఏటవాలు గీతలు పడ్డాక ఆపండి.

పెట్టె అడుగున చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కనబడుతుంది, బరువు తప్ప దాంట్లో ఏముందని అనిపిస్తుంది. పాత మానిటర్లలో చాలావాటి ఛాసీ నేరుగా మెయిన్స్‌తో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పేది అదే. అది పీకేసి ఎర్త్ ఉన్న కంప్యూటర్‌ను తగిలిస్తే 230 వోల్టులు వీడియో కార్డు గుండా దారి వెతుక్కుంటాయి. కార్డు ఒక్కటే పోతే అదృష్టం, దారిలో మీ చెయ్యి ఉండొచ్చు. మోటారు వైండింగ్‌కు పేరుపడ్డ కోయంబత్తూరులో ఒకటికి ఒకటి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టివ్వమంటే కాదనేవాళ్లు లేరు. అంత సులువుగా దొరికేదాన్ని అడగడం మనకు నామోషీ.

ట్యూబు వీపున రబ్బరు మూత ఒకటి ఉంటుంది. దాని కింద 20 వేల వోల్టులకు పైమాటే, ప్లగ్గు పీకినా ట్యూబు దాన్ని చాలాసేపు దాచుకుంటుంది. ఇక్కడ వేళాకోళం ఆపేస్తున్నాను: ముట్టుకోకండి. ఇందాక తల తిప్పుకుని దాటిపోయిన ఆ మెకానిక్‌నే బతిమాలి పిలుచుకు రండి. ఆయన ట్యూబు చుట్టూ ఉన్న అల్లిక తీగకు స్క్రూడ్రైవర్ కట్టి, ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తో మెల్లగా మూత కిందికి తోస్తాడు. టప్‌మని ఒక్క చప్పుడు. మళ్లీ ఒకసారి తోసి చూస్తాడు, ఏమైనా మిగిలిందేమోనని.

ఇంత చేసినా బొమ్మ రాలేదా, రాదు కూడా, ట్యూబు పీకించి ఎల్‌సీడీ పెట్టేయండి. వేసిన మరుక్షణం బొమ్మ వస్తుంది. ముస్తఫా మొహం మాత్రం బియ్యం పిండి ముగ్గు చుక్కల్లా విడివిడిగా కనిపించి మీకు ఆనదు. అందుకు ఫిల్టర్లున్నాయి. నల్లటి అడ్డగీతలు, అద్దం వంపు, కాస్త మసక, అన్నీ కలిపి ఎల్‌సీడీ మీద ట్యూబు బొమ్మ గీసి పెడతాయి. అవి సాఫీగా నడవడానికి ఇంకాస్త ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొనండి. పీకిన ట్యూబూ ఆ ట్రాన్స్‌ఫార్మరూ పాత సామాన్లవాడికి వేసేయండి. ట్యూబు ఊరికే ఇచ్చినా వద్దంటాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం చేత్తో ఎత్తి చూసి, లోపల రాగి ఎంత ఉందో అంచనా కట్టి, మీకు సగం ధరే చెబుతాడు. ఒప్పేసుకోండి.